నవగుంజరమా, రెండు తలల పక్షా: కథకి ఏది మేలు?

మా బరంపురం ఇళ్లలో కథ తెలుగులో మొదలై ఒడియాలో తేలుతుంది. వింత జంతువులూ అంతే, రెండు వైపుల నుంచీ వస్తాయి. సెలవులకి అక్క పిల్లలు దిగారంటే, రాత్రి కరెంటు పోగానే "పిన్నీ, కథ" అంటారు. నాకు ప్రతిసారీ అదే టెన్షన్: ఈసారి ఏ జంతువుని దింపాలి?

సులువుగా చెప్పగలిగేది పంచతంత్రంలోని భారుండ పక్షి. రెండు తలలు, ఒకటే కడుపు. ఒక తలకి అమృతంలాంటి పండు దొరికింది, రెండోదానికి పెట్టలేదు. ఆ కోపంతో రెండోది విషపు పండు తినేసింది, రెండూ పోయాయి. గొడవ ఆ ఒంట్లోనే ఉంది కాబట్టి కథ దానంతటదే నడుస్తుంది. మొన్న చెబుతుంటే చిన్నాడు "కడుపు ఒకటేగా, ఎవరు తింటే ఏంటి?" అన్నాడు. పెద్దది ఊరుకుంటుందా, "రుచి నాలిక్కి రా, కడుపుక్కాదు" అంది. కథలో ఆ తలలకి చెడిందీ సరిగ్గా అక్కడే. కానీ పక్షి చచ్చాక ఇంకేముంది? మర్నాడు దాన్ని మళ్లీ బతికించలేం కదా.

కొరివి దెయ్యం భయపెట్టడానికి పనికొస్తుంది, అంతే. చీకట్లో పొలం గట్టున మంట కనబడింది, పరిగెత్తాం, అయిపోయింది. పైగా ఆ రాత్రి పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లడానికి నేనే లేవాలి.

నా ఓటు నవగుంజరానికి. 15వ శతాబ్దంలో సారళా దాసు రాసిన ఒడియా మహాభారతంలోది ఇది. మన కవిత్రయం భారతంలో వెతికితే దొరకదు. అక్కణ్ణుంచి పూరీ గుడి మీది నీలచక్రానికీ, గంజపా అనే గుండ్రటి పేకముక్కలకీ ఎక్కింది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. కాళ్లేమో ఏనుగుదొకటి, పులిదొకటి, లేడిదొకటి. నాలుగో కాలు ఉండాల్సిన చోట మనిషి చెయ్యి, ఆ చేతిలో తామరపువ్వు.

మొదటిసారి నేను చేసిన తప్పేంటంటే, పటచిత్రం చూపించి మరీ మొదలుపెట్టడం. పిల్లలు వేళ్ల మీద తొమ్మిదీ లెక్కపెట్టుకున్నారు. లెక్క సరిపోయింది, కథ మీద ఆశ పోయింది.

తర్వాతిసారి బొమ్మ దాచేశాను. అర్జునుడి పక్కన నిలబడి చెప్పాను. ముందు పొదల్లో కోడి మెడ చాచింది. కోడే కదా అనుకునేలోపు దాని వెనక మూపురం లేచింది, నేల మీద ఏనుగు అడుగు పడింది, తోక బుసకొట్టింది. అర్జునుడు బాణం ఎక్కుపెట్టి నారి లాగాడు. అప్పుడు చూపించాను చెయ్యి. ఇలాంటి జంతువు లోకంలో ఉండదని, వచ్చింది దేవుడేనని అతనికి తెలిసిపోయింది. విల్లు కింద పెట్టి దణ్ణం పెట్టాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చీకట్లోంచి చిన్నాడి గొంతు: "పిన్నీ, అది గుడ్డు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?"

మర్నాటి కథ దొరికింది.