విశాఖలో సైకిల్ యాత్ర: దారి, బస, బండిని అప్పగించే చెయ్యి

విశాఖకు సైకిల్‌తో వచ్చేవాళ్లంతా దాదాపు ఒకే దారి పడతారు. ఆర్కే బీచ్, జలాంతర్గామి మ్యూజియం, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, సాగర్‌నగర్, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివరికి భీమిలి. ఒక వైపుకే పాతిక కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారకముందే బయల్దేరితే ఎండ బాధ ఉండదు, దారి అందం గురించి కొత్తగా చెప్పేదీ లేదు. ఇబ్బందంతా బండితోనే. గాలిలో ఉప్పు, రోడ్డు అంచున ఇసుక, మధ్యమధ్య కొండ ఎత్తులు. ఈ మూడింటికీ తట్టుకోవాలంటే సైకిల్ ముందే సరిగ్గా ఉండాలి, చెడితే బాగుచేసే షాపు ఎక్కడుందో తెలిసుండాలి.

రైల్లో తెచ్చుకునేవాళ్లు పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేస్తే బండి బ్రేక్ వ్యానులో (రైలుకుండే సామాన్ల పెట్టెలో) వస్తుంది. పెడళ్లు ఊడదీసి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి, పేరూ ఊరూ రాసిన అట్టముక్క ఫ్రేముకి కట్టాలి. ఎడమ పెడల్‌ని మామూలు బోల్టులా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పాలి. గేర్ల సైకిలైతే వ్యానులో మూటల కింద పడి ముందుగా వంగేది వెనక గేరు వేలాడే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్. దిగగానే బండి వెనక కూర్చుని చూడాలి. కింది రెండు బుల్లి చక్రాలూ పైన చైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. లోపలికి వాలి కనిపిస్తే అతిపెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చొద్దు. ఆ గేరు వెళ్లి స్పోకుల్లో ఇరుక్కుంటే గేరూ పోతుంది, రిమ్మూ పోతుంది.

నగరంలో మంచి షాపుని పట్టుకోవడానికి మొదటి పరీక్ష ఈ హ్యాంగరే. స్క్రూడ్రైవర్ తీసి గేరు స్క్రూలు నాలుగు తిప్పులు తిప్పి ‘అయిపోయిందండీ, తొక్కి చూడండి’ అన్న మెకానిక్ రోగం వదిలేసి జ్వరానికి మందు వేసినట్టే. తెలిసినవాడు ముందు గేరు ఊడదీసి, హ్యాంగర్ మరలో పొడవాటి గేజు బిగించి, చక్రం చుట్టూ నాలుగు చోట్ల రిమ్ముకి గేజుకి మధ్య దూరం కొలుస్తాడు. ఆ గేజు లేని షాపులో గేర్ల పని చేయించవద్దు, మిగతా పనులకి ఎంత మంచి షాపైనా సరే.

షాపుల రకాలు చూద్దాం. మామూలు ఇనప సైకిల్ అయితే పాతకాలం షాపుకే వెళ్లాలి. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ మీదుగా పాత పోస్టాఫీసు వైపు వెళ్లే పాత వ్యాపార వీధుల్లోనూ, మల్కాపురం, గాజువాక లాంటి కార్మికులుండే పేటల్లోనూ వాకబు చేయండి. అడగాల్సింది లాడ్జి కౌంటర్లో కాదు, పొద్దున్నే సైకిల్ మీద పాలో పేపరో వేసేవాళ్లని. బండి ఒక్కరోజు ఆగితే వాళ్ల కూలి పోతుంది, అందుకని పని చెడగొట్టే షాపుకి రెండోసారి వెళ్లరు. ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ వైపు వెతకాల్సింది గేర్లు, డిస్క్ బ్రేకులున్న బళ్లకి. హైడ్రాలిక్ బ్రేకులో నూనె నింపడానికీ, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) విప్పడానికీ మీ బండి కంపెనీ సైకిళ్లు అమ్మేచోటే పరికరాలు దొరుకుతాయి. కాకపోతే షోరూముల్లో బాగుచేసే ఓపిక తక్కువ, కొత్తది వేసేయడమే ఎక్కువ. ఇంటికో లాడ్జికో వచ్చే మెకానిక్ ట్యూనింగుకి చాలు. బేరింగుల పనికి మాత్రం వైస్ (సామాను కదలకుండా బిగించి పట్టే పరికరం) ఉన్న షాపే కావాలి.

కొత్త షాపు అనుకున్నాక పెద్ద పని ఒకేసారి అప్పజెప్పకండి. ఒక పంక్చర్ వేయించి, పక్కన నిలబడి చేతులు చూడండి. మంచివాడు ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి ఒక బుడగ కనిపించగానే ఆగడు, చుట్టూ తిప్పుతాడు. చిల్లు ఒక్కటే అని హామీ లేదు. పక్కపక్కనే రెండు చీలికలుంటే అది ముల్లు పని కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కిన గుర్తు. తరవాత ట్యూబు తుడిచి ఆరబెట్టి, గీకుడు కాగితంతో నిగనిగలాడే పొర పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి వదిలేస్తాడు. ఇక్కడే తేడా. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ అంటిస్తే ఎండకి రోడ్డు వేడెక్కగానే అంచులు లేస్తాయి. వేలితో తాకితే అంటుకోనంతగా ఆరడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగైదు నిమిషాల్లో ఆయన టైరు లోపలివైపు వేళ్లతో తడిమి ముల్లు వెతికాడా, రిమ్ము టేపు జరిగి స్పోకు మొన బయటపడిందేమో చూశాడా? రెండూ చేస్తే ఆ షాపుని నమ్మవచ్చు. ముల్లు టైరులోనే ఉండిపోతే సాయంత్రానికి మళ్లీ అదే షాపుకి రావాలి.

డబ్బు సంగతి. ట్యూబు, టైరు, బ్రేక్ రబ్బర్లు, చైన్ డబ్బాల మీద ఎమ్మార్పీ ఉంటుంది, కాబట్టి సామాను దగ్గర మోసం కష్టం. తేడా వచ్చేది కూలిలో. ‘మొత్తం ఎంతవుద్ది?’ అని కాకుండా సామానుకి ఎంత, కూలికి ఎంత అని విడివిడిగా అడగండి, పాత సామాను తిరిగి ఇవ్వమని పని మొదలెట్టకముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో అక్కర్లేని మార్పిళ్లు సగం ఆగిపోతాయి. చైన్ మార్చాలంటే నమ్మేయకుండా స్కేలు పెట్టి చూడండి. సున్నా గీత ఒక పిన్ను మధ్యలో పెడితే 12 అంగుళాల గీత కూడా పిన్ను మధ్యకే రావాలి. పిన్ను 1/16 అంగుళం దాటి జరిగితే చైన్ మార్చాలి. 1/8 దాటితే వెనక పళ్లు కూడా అరిగిపోయినట్టే, కొత్త చైన్ ఒక్కటే వేస్తే ఎత్తు మీద జారుతుంది.

ఓవరాయిలింగ్ (బండి మొత్తం విప్పి, శుభ్రం చేసి మళ్లీ బిగించే పని) చేయించేటప్పుడు బాల్సు (బేరింగుల్లోని ఉక్కు గుండ్లు) లెక్క తెలిసుంటే చాలు, మెకానిక్ మిమ్మల్ని తేలిగ్గా తీసుకోడు. మామూలు సైకిల్ ముందు చక్రానికి పక్కకి పదేసి 3/16 అంగుళం బాల్సు, వెనక చక్రానికి తొమ్మిదేసి పావు అంగుళం బాల్సు, రెండు పెడళ్లనీ కలిపే మధ్య ఇరుసుకి, బాల్సుని పట్టి ఉంచే పంజరం లేకపోతే, పదకొండేసి పావు అంగుళం బాల్సు. పాతవీ కొత్తవీ కలిపి వేయకూడదు. అరిగిన బాల్ సన్నగా ఉంటుంది, బరువంతా కొత్తవాటి మీదే పడి బాల్సు కూర్చునే కప్పులో గుంటలు పడతాయి. కోను (బాల్సుని నొక్కి పట్టే ఇరుసు మీది నట్టు) బిగించాక చక్రం ఎత్తి పట్టుకుంటే వాల్వు బరువుకే అది నెమ్మదిగా కిందికి తిరిగి ఆగాలి, పక్కలకి ఊపితే కటకట అనకూడదు.

బీచ్ రోడ్డుకి సంబంధించి రెండు పట్టింపులు. చైన్‌కి గ్రీజు పట్టించనివ్వకండి. గ్రీజుకి ఇసుక అంటుకుంటే అదే అరగదీసే ముద్దవుతుంది. ప్రతి లింకుకీ ఒక్కో చుక్క పల్చటి నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయాలి. రెండోది, డిస్క్ బ్రేకున్న బండి మీద తుప్పు వదిలే స్ప్రే కొట్టబోతే వెంటనే ఆపండి. తుంపర డిస్కు మీద పడిందంటే ప్యాడ్లు నూనె పీల్చుకుని కీచుమంటాయి, పట్టు పోతుంది, చివరికి ప్యాడ్లు మార్చక తప్పదు. అల్యూమినియం సీటు గొట్టం ఇనప ఫ్రేములో ఉంటే అదొకసారి తీయించి గ్రీజు పూయించండి (గ్రీజుకి అసలు చోటు ఇదీ!). ఉప్పు గాలికి రెండు లోహాలూ కరుచుకుపోతే తరవాత సుత్తికీ రాదు.

బస విషయంలో సముద్రం కనిపించే గది మనిషికి హాయి, సైకిల్‌కి కాదు. బాల్కనీలో రాత్రంతా ఉంచిన చైన్ తెల్లారేసరికి ఎర్రబడుతుంది. స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జీలు ఊరి మధ్యలో ఉంటాయి, షాపులకి దగ్గర. కానీ బండి పెట్టుకోవడానికి కింద చోటు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. మేడ మీదికి మోయమంటారు, లేదా సెల్లార్‌లో స్కూటర్ల మధ్య నిలబెట్టమంటారు. తాళం చక్రానికి కాకుండా ఫ్రేములోంచి స్తంభానికి వేయండి. లాసన్స్ బే, ఎంవీపీ వైపు దిగితే తెల్లవారుజామున నేరుగా రోడ్డెక్కొచ్చు. సైకిల్ కోసమే వచ్చినవాళ్లకి ఆ వైపే మేలు. ఎక్కడ దిగినా ఒక బకెట్ మంచినీళ్లు అడిగి రోజూ సాయంత్రం ఉప్పు కడగాలి. పైపు పెట్టి బేరింగుల మీదికి జోరుగా కొట్టొద్దు.

రుషికొండ దాటాక షాపులు పలచబడతాయి. దొరికినా స్కూటర్లకి పంక్చర్లు వేసేవే ఎక్కువ. అక్కడి గాలి గొట్టం బైకు వాల్వుకే సరిపోతుంది. మామూలు సైకిల్ వాల్వుకి ఏదో తంటాలు పడొచ్చు, సన్నటి ప్రెస్టా వాల్వుకి మాత్రం ఇత్తడి అడాప్టర్ మీ జేబులో ఉండాల్సిందే. పైనున్న బుల్లి నట్టు వదులు చేశాకే అడాప్టర్ బిగించాలి. కంప్రెసర్‌తో గాలి కొడితే క్షణం క్షణం ఆపుతూ, టైరు పక్కన రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) దాటకుండా చూసుకోవాలి. 28 మిల్లీమీటర్ల సన్న టైరులో ఖాళీ తక్కువ, రెండు సెకన్లు ఎక్కువైతే ‘టప్’ మంటుంది. భీమిలికి వెళ్లేవాళ్లు సొంత సైజు ట్యూబు ఒకటి, రెండు టైరు లీవర్లు, చేతి పంపు పట్టుకెళ్లాలి. 26, 27.5, 700సి సైజు ట్యూబులు ఆ దారిలో అడిగిన చోటల్లా దొరకవు.

అరకు పెట్టుకున్నవాళ్లు బ్రేకుల పని నగరంలోనే ముగించుకోవాలి. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. ఎక్కేటప్పుడు బ్రేకు గుర్తురాదు, దిగేటప్పుడే అవసరం. రబ్బర్ల మీది గాడి కనిపించకుండా అరిగితే మార్చేయండి, రిమ్ము పక్కన చేత్తో తడిమితే లోపలికి గుంటలా తగిలితే ఆ చక్రంతో ఘాట్ వద్దు. కేబుల్ చివర పోగులు విడిపోయి ఉంటే కొత్త కేబుల్ వేయించి, బ్రేకు లీవర్ బలంగా పదిసార్లు నొక్కి, సాగిన మేరకు మళ్లీ బిగించమనండి. కొత్త కేబుల్ మొదటి రోజే కాస్త సాగుతుంది.