గ్రామస్థుణ్ని నడిపించాలా, ఊరినే నడవనివ్వాలా?

బెంగళూరు మారతహళ్ళి పీజీలో రాత్రి గంటసేపు ఊరు కట్టే కంప్యూటర్ ఆటలు ఆడేవారు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ప్రతి గ్రామస్థుడికీ పని మీరే చెప్పాలి. ఒక్కొక్కరిని పుట్టించడానికి 50 ఆహారం, 25 సెకన్లు. మొదటి 200 ఆహారంతో నలుగురిని వరుసలో పెట్టి, ఇద్దరితో వెంటనే ఇల్లు కట్టించండి. ఇంటికి ఐదుగురే పడతారు. అది ఆలస్యమైతే గ్రామస్థుల్ని పుట్టించే టౌన్ సెంటర్ ఖాళీగా కూర్చుంటుంది. కొత్తవాళ్ళు ఓడేది యుద్ధంలో కాదు, ఇక్కడే.

రెండో ఆట స్ట్రాంగ్‌హోల్డ్‌లో పనివాడికి ఆజ్ఞ ఉండదు. కట్టడం లేపితే చలిమంట దగ్గరున్న రైతే వెళ్ళి పనిలో చేరతాడు. మీ చేతిలో ఉండేది ప్రజాదరణ: 50 దిగితే జనం ఊరు వదిలిపోతారు. రేషన్ సగం చేస్తే మైనస్ 4, పెంచితే ప్లస్ 4. సగటు పన్ను మైనస్ 4. అంటే పెంచిన రేషన్‌తో సగటు పన్ను సరిపోతుంది, రెండు రకాల తిండి ఉంటే ఒక పాయింటు మిగులు కూడా. చిక్కంతా దూరంతోనే. కట్టెలవాడి గుడిసె గోదాముకు దూరమైతే పని కన్నా నడకే ఎక్కువ (సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ మీదుగా ఆఫీసుకెళ్ళేవాళ్ళకు చెప్పనక్కర్లేదు). గోదాము నిండితే పనివాడు బరువుతో అలాగే నిలబడిపోతాడు. పక్కనే ఇంకోటి ఆనించి కట్టాలి.

వేళ్ళు చురుగ్గా ఉంటే మొదటిది. సొంత ఆట రాసేవాళ్ళు మాత్రం రెండోదాన్నే విప్పి చూడాలి.