చందాలకు యూపీఐ, గేట్‌వే, పేపాల్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

అనంతపురంలో కొందరం కలిసి, అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగును యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో అయినా చదవగలిగే పద్ధతిలోకి) మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి నడుపుతున్నాం. జీతాలు ఎవరికీ లేవు, ఖర్చంతా సర్వర్ అద్దె, డొమైన్, ఎప్పుడైనా ఒక కంప్యూటర్ రిపేరు. దానికి చందాలు తీసుకోవడానికి మూడు దారులూ వాడి చూశాం కాబట్టి ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ముందే చెప్పేస్తా, మీకు ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది యాభయ్యో వందో ఇచ్చే మనవాళ్లే అయితే సంఘం పేరు మీదున్న బ్యాంకు ఖాతాకు యూపీఐ క్యూఆర్ పెట్టండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఎందుకంటే ఆ యాభై రూపాయలు యాభయ్యిగానే వస్తాయి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డుల మీద వ్యాపారి దగ్గర కోసుకునే రుసుము (ఎండీఆర్) సున్నా. అదే గేట్‌వేలో (కార్డు వగైరా చెల్లింపులు మన తరఫున తీసుకుని తర్వాత మన ఖాతాలో వేసే కంపెనీ సేవలో) మామూలు రేటు 2 శాతం, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అంటే వంద ఇస్తే చేతికొచ్చేది 97 రూపాయల 64 పైసలు. ఇది పెద్ద నష్టమేమీ కాదనుకోవచ్చు. కానీ డీటీపీ షాపులో రోజంతా పెళ్లి పత్రికలు కొట్టి వంద రూపాయలు పంపిన మనిషికి, ఆ వంద మొత్తం సర్వర్‌కే పోయిందని చెప్పగలగడం నాకు చాలా ముఖ్యం.

డబ్బు కన్నా పెద్ద సంగతి నమ్మకం. సుభాష్ రోడ్డులో ఒక షాపాయన మా క్యూఆర్‌ను తన మానిటర్ మీదే పెద్దది చేసి, ఫోన్‌ను అటూ ఇటూ వంచి స్కాన్ చేశాడు. పేరు రాగానే పిన్ కొట్టలేదు. మా సంఘం పేరును ఒక్కో అక్షరం పైకి చదివి, "ఇదేనా అన్నా?" అని అడిగి, అప్పుడు కొట్టాడు. అక్కడ ఎవరో ఒక మనిషి సొంత పేరు కనబడి ఉంటే ఆయన ఆగిపోయేవాడు, ఆగడమే న్యాయం కూడా. అందుకే ఎంత ఆలస్యమైనా సరే, సంఘం రిజిస్టర్ చేయించి, దానికి పాన్ తీసుకుని, ఆ పేరు మీదే ఖాతా తెరవండి. ఒకరి ఫోన్ నంబరుతో ఉన్న యూపీఐ ఐడీని అందరి ముందూ పెట్టొద్దు, ఆ నంబరు ఊరందరికీ తెలిసిపోతుంది, రేపు ఆ మనిషి తప్పుకుంటే చందాల దారీ మూసుకుపోతుంది. మా ఖాతాలోంచి డబ్బు బయటికి పోవాలంటే ఇద్దరి సంతకాలతో చెక్కు ఉండాల్సిందే. కొంచెం పాతకాలం పద్ధతే, నాకు మాత్రం ఇదే హాయి.

ఇంకో చిన్న విషయం. ఫోన్‌లోనే మా పేజీ చూసేవాళ్లు అదే ఫోన్ కెమెరాతో ఆ క్యూఆర్‌ను స్కాన్ చేయలేరు కదా, కాబట్టి నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకునే బటన్ కూడా పక్కనే ఉండాలి. చందా ఎంతో ముందే నింపొద్దు, ఖాళీగా వదిలేయండి, ఎవరి శక్తి వాళ్లది. లెక్క రాసేటప్పుడు పేర్లతో కుస్తీ పట్టకుండా పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరునే ఆధారంగా పెట్టుకోండి, ఒకే పేరుతో నలుగురుంటారు కానీ ఆ నంబరు ఒక్క చెల్లింపుదే.

గేట్‌వే అవసరం లేదనను. కార్డుతో ఇచ్చేవాళ్లకు, ముఖ్యంగా నెలనెలా ఇచ్చేవాళ్లకు అది కావాలి, ఎందుకంటే ఉత్త క్యూఆర్‌తో ఆటోపే (నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టలేం. యూపీఐ ఆటోపేలో 15,000 రూపాయల దాకా ప్రతిసారీ పిన్ అడగదు, డబ్బు కట్ అయ్యే ముందురోజే మెసేజ్ వస్తుంది, వద్దనుకుంటే ఇచ్చేవాళ్లే యాప్‌లో ఆపేసుకోవచ్చు. ఆ మెసేజ్ చూసి ఆపేసినవాళ్లూ ఉన్నారు, నాకది మంచిదే అనిపిస్తుంది, మర్చిపోయి ఇచ్చే డబ్బు మాకొద్దు. గేట్‌వేతో అసలు బాధ వేరు. మేము వాడిన ఒకటి, సంఘం కాగితాలు మళ్లీ కావాలంటూ వచ్చిన డబ్బును వారాల తరబడి ఆపేసింది, ఏ కాగితం సరిపోలేదో అడిగితే ప్రతిసారీ అదే జవాబు. సర్వర్ బిల్లు కట్టే గడువు దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకే వచ్చేదంతా ఒక్క గేట్‌వే మీదే ఆధారపడేలా పెట్టుకోవద్దు.

పేపాల్ అనే విదేశీ ఆన్‌లైన్ చెల్లింపుల సేవ మాకు తొలిరోజుల్లో ఉండేది, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్లు దాంట్లో పంపేవాళ్లు. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ వాళ్లు దేశంలోపలి చెల్లింపులు ఆపేశారు, ఇక విదేశాల నుంచి వచ్చేవాటికే అది. అక్కడ ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అడ్డొస్తుంది. మాలాంటి సంఘం ఆ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఉంది: అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, పుట్టింది మన తాడిపత్రిలోనే అయినా సరే. పేపాల్ బటన్ నొక్కేవాళ్లకు ఏ పాస్‌పోర్టు ఉందో మాకెలా తెలుస్తుంది? తీసేశాం. బయటి నుంచి ఎవరైనా అడిగితే ముందు ఈ విషయం వివరంగా రాసి పంపుతాం, భారత పౌరులైతే ఇక్కడి తమ ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు మన బ్యాంకుల్లో పెట్టుకునే రూపాయి ఖాతా) నుంచి బ్యాంకు ద్వారా పంపమంటాం, భారత పౌరులు కాకపోతే డబ్బు వద్దు, ఫాంట్ల పట్టికలు (పాత ఫాంటులోని ఏ గుర్తు యూనికోడ్‌లో ఏ అక్షరమో చెప్పేవి) సరిచూడడంలో సాయం చేయమంటాం. అలా చేస్తున్నవాళ్లున్నారు, వాళ్ల పని విలువ మా చందాల లెక్కలో ఎక్కడా కనబడదు గానీ ఒత్తులు తప్పుగా మారే బగ్గులు చాలావరకు వాళ్లు పట్టినవే.

పన్ను మినహాయింపు ఉందా అని ప్రతి మార్చిలోనూ అడుగుతారు. మాకు 80జీ (ఇచ్చేవాళ్లకు ఆ మినహాయింపు ఇప్పించే గుర్తింపు) లేదు, ఆ మాట క్యూఆర్ పక్కనే పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాం.