రెండో ముద్రణకు పాత పేరా, కొత్త పేరా: ఏది మేలు?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్ళకి రెండో ముద్రణ రావడమే పెద్ద సంగతి, మళ్ళీ పేరు మార్చే గొడవెందుకు అని మిత్రులు అడుగుతున్నారు. కారణం ఉంది. నా నవల పేరు ‘ఉప్పెన’. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచెత్తిన ఉప్పెన చుట్టూ నడిచే కథ, సుమారు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకున్న రాత్రి అది. పుస్తకం వేసింది 2017లో. 2021 ఫిబ్రవరిలో అదే పేరుతో సినిమా వచ్చి పెద్ద హిట్ అయింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్లో ‘ఉప్పెన’ అని కొడితే పాటలు, ట్రైలర్లు, ఇంటర్వ్యూలు వరసగా వచ్చిపడతాయి, నా పుస్తకం ఎంత కిందికి వెళ్ళినా కనపడదు. పుస్తక ప్రదర్శనలో స్టాల్ ముందు ఆగినవాళ్ళు కూడా అట్ట చూసి "సినిమా కథేనా అండీ?" అని అడుగుతారు, కాదంటే పక్క స్టాల్‌కి వెళ్ళిపోతారు.

సినిమా ఒక్కటే అయితే కొన్నాళ్ళు ఓపిక పట్టేదాన్ని. రెండో చిక్కు దానికంటే పాతది. కృష్ణా జిల్లాలో ఉప్పెన అనగానే గుర్తొచ్చేది 1977 నవంబరు 19, దివిసీమ. ఆ రోజు ఇంట్లోవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పి, "మా వాళ్ళ గురించి రాశావేమో అనుకున్నానమ్మా" అని మెల్లగా బల్లమీద పెట్టేశారు. ఆయన ఆశగా తెరిచింది ఒక పుస్తకం, నేను రాసింది ఇంకొకటి. పేరు విషయం తేల్చుకోవాలని గట్టిగా అనిపించింది అప్పుడే.

నా ముందున్నవి మూడు దారులు: పేరు అలాగే ఉంచేయడం, పాత పేరుకి ‘బందరు 1864’ అని ఉపశీర్షిక తగిలించడం, పూర్తిగా కొత్త పేరు పెట్టడం.

అలాగే ఉంచేస్తే పని చాలా తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. మార్పుల్లేని పునర్ముద్రణకి పాత ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించడానికి వెనక అట్టమీద వేసే నంబరు) సరిపోతుంది, ధర మారినా అట్టమీది బొమ్మ మారినా పర్వాలేదు. ఆన్‌లైన్ అంగళ్ళలో ఉన్న రివ్యూలు, లైబ్రరీల కేటలాగులో ఎక్కిన పేరు, ఎవరో వ్యాసంలో ప్రస్తావించిన రెండు వాక్యాలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. సొంతంగా వేసుకునే రచయితకి వెనక పెద్ద సంస్థ ఉండదు, పబ్లిసిటీ బడ్జెట్ ఉండదు, ఏళ్ళ తరబడి నోటిమాటగా పోగైన ఆ కాస్త గుర్తింపే ఆస్తి, దాన్ని చేజేతులా వదులుకోవడానికి మనసొప్పదు. ‘సినిమావాళ్ళు కేసు వేస్తారేమో’ అన్న భయం మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. ఒట్టి టైటిల్‌కి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లో ఒక హిందీ సినిమా పేరు కేసులో తేల్చి చెప్పింది, పైగా నా పుస్తకం సినిమాకంటే ముందుది. కాబట్టి పేరు మార్చమని చట్టం నన్నేమీ తొందరపెట్టడం లేదు. పాఠకుడికి దొరకడం లేదు, అదొక్కటే బాధ.

ఉపశీర్షిక దారికి ఓట్లు ఎక్కువ పడ్డాయి. ‘ఉప్పెన: బందరు 1864’ అంటే పాతవాళ్ళు గుర్తుపడతారు, కొత్తవాళ్ళకి సంగతి అర్థమవుతుంది, ఇంకేం కావాలి అన్నారు. వినడానికి బాగుంది. కానీ ఐఎస్‌బీఎన్ నిబంధనల ప్రకారం ఉపశీర్షిక మారినా కొత్త నంబరు తీసుకోవాల్సిందే, అంటే కాగితాల పని కొత్త పేరుకి ఎంతో దీనికీ అంతే. అసలు లోపం అంతకంటే పెద్దది. జనం నోట్లో ఒక పుస్తకానికి రెండు పేర్లు నిలవవు. మన తొలి నవలల్లో రెండు పేర్లతో వచ్చినవి ఉన్నాయి, ‘రాజశేఖర చరిత్రము’కి ‘వివేకచంద్రిక’ అని, ‘మాలపల్లి’కి ‘సంగవిజయము’ అని ఇంకో పేరు ఉంది. ఈ రోజు చదివేవాళ్ళలో ఆ రెండో పేర్లు ఎంతమంది అంటారు? షాపులో లిస్టు రాసే కుర్రాడు ‘ఉప్పెన’ అని రాసి ఊరుకుంటాడు, పుస్తకం వెన్నుమీద చోటు చాలక డిజైనర్ కూడా ఉపశీర్షిక తీసేస్తాడు, ఫోన్లో వెతికేవాళ్ళు సరేసరి. మిగిలేది మొదటి పేరే, చిక్కు తెచ్చిపెట్టినదీ అదే. ఇంత పనీ చేసి మళ్ళీ మొదటికొచ్చేటట్టయితే ఈ దారికంటే పేరు ముట్టుకోకపోవడమే నయం.

ఇక మిగిలింది కొత్త పేరు. ఇక్కడ ఆలోచించాల్సింది చాలా ఉంది, ఎందుకంటే మళ్ళీ ఇంకొకదానితో కలిసిపోయే పేరు పెడితే ఈ శ్రమంతా వృథా. మొదట ‘రక్తాక్షి’ అనుకున్నాను, 1864 ఉగాదితో మొదలైన తెలుగు సంవత్సరం అదే, కథ కూడా ఆ ఉగాదినాడే మొదలవుతుంది. నాకు చాలా ఇష్టమైన పేరు. కానీ అట్టమీద ఆ అక్షరాలు వేసి చూపిస్తే పది మందిలో తొమ్మిది మంది క్షుద్రపూజల నవల అనుకున్నారు. సంవత్సరాల పేర్లు వరసగా చెప్పగలిగే పాఠకులు తగ్గిపోతున్నారు, వాళ్ళని నమ్ముకుని పేరు పెట్టలేను. ‘బందరు 1864’ సూటిగా ఉంది, వెతికితే దొరుకుతుంది, కానీ చరిత్ర పుస్తకంలా వినిపిస్తుంది, నవల అని తెలియదు. అద్దకం పనివాళ్ళ కుటుంబం ఒకటి, పడవ నడిపే అన్నదమ్ములు ఇద్దరు, వీళ్ళ ఊసే లేదు అందులో.

చివరికి తేలింది ‘అమావాస్య పోటు’. ఆ ఏడు దీపావళి అమావాస్య వెళ్ళి రెండు రోజులే అయింది, సముద్రం మామూలుగానే బాగా పోటెత్తే రోజులు, దాని మీదికి తుఫాను వచ్చింది. నవలలో పడవ నడిపే పెద్దన్న ముందు రోజే కాలవలో నీళ్ళు గట్టు అంచు దాకా రావడం చూసి "ఈ పోటు నాకు నచ్చలేదురా" అంటాడు. కథంతా ఆ మాట మీదే నిలబడింది, పేరు కూడా అక్కడినుంచి వస్తేనే న్యాయం. దీన్ని వెతికితే అడ్డం వచ్చే సినిమా లేదు, 1977 మీదికీ పోదు.

అయితే పేరు మార్చేవాళ్ళు తప్పనిసరిగా పాటించాల్సింది ఒకటుంది, ఇందులో రాజీ పడకూడదు. పాత పాఠకుడు కొత్త పుస్తకం అనుకుని అదే నవల రెండోసారి కొనకూడదు. పాత పేరు లోపలెక్కడో చిన్నక్షరాల్లో వేస్తే సరిపోదు. ముందు అట్టమీదే, పేరు కింద ‘2017లో ఉప్పెన పేరుతో వచ్చిన నవల’ అని కళ్ళకి ఆనేటట్టు వేయిస్తున్నాను. ముద్రణ వివరాల పేజీలో రెండు పేర్లూ, రెండు ఐఎస్‌బీఎన్ నంబర్లూ ఉంటాయి. ఆన్‌లైన్‌లో పాత పేజీ తీసేయకుండా ‘ఇకపై ఈ పేరుతో’ అని వివరణ పెడితే పాత రివ్యూలు చదివినవాళ్ళు కొత్తదాన్ని పట్టుకోగలరు, ఎందుకంటే కొత్త నంబరుకి ఆ రివ్యూలు వాటంతట అవి రావు.

ఖర్చు అనుకున్నంత లేదు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే చాలు, టైమ్ కాస్త ముందుగా చూసుకోవాలి. 1954 చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమెరాకి, మరో రెండు లైబ్రరీలకి కాపీలు పంపే పని మాత్రం మళ్ళీ పడుతుంది. అసలు శ్రమ టైపుసెట్టింగులో. మొదటి ముద్రణ పాత పద్ధతి ‘అను’ ఫాంట్లలో, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేయించింది, దాన్ని ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే యూనికోడ్ అక్షరాల్లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోయాయి, వాక్యం వాక్యం మళ్ళీ ప్రూఫు దిద్దుతున్నాను.

అందరూ ఇలా మార్చేయాలని చెప్పడం లేదు. రాజు పేరో వీరుడి పేరో శీర్షికగా ఉన్న నవలకి ఆ పేరే దారి చూపిస్తుంది, దాన్ని కదపొద్దు. అవార్డు వచ్చిన పుస్తకమైనా, సిలబస్‌లో చేరినదైనా అంతే. అమ్మకాలు లేవు కాబట్టి పేరు మారుద్దాం అనుకునేవాళ్ళు ముందు ఎన్ని షాపుల్లో కాపీలు ఉన్నాయో చూసుకోవాలి, షాపులో లేని పుస్తకానికి ఏ పేరు పెట్టినా ఒకటే.

ఇంట్లో మిగిలిన పాత కాపీలకి స్టిక్కర్ అంటించి కొత్త పేరుతో అమ్మమని ఒకరు సలహా ఇచ్చారు, వెనక నంబరు ఒకటి ముందు పేరు ఒకటి అయితే అది మోసమే అవుతుంది, ఆ పని చేయను. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో వాటిని ‘ఉప్పెన’గానే సగం ధరకి ఇచ్చేస్తాను. జనవరిలో విజయవాడ ప్రదర్శనకి ‘అమావాస్య పోటు’ వస్తుంది. అందులో కొత్తగా చేర్చిన బందరు మ్యాపు, చివరి మాట పాత పుస్తకం ఉన్నవాళ్ళకి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపిస్తాను, వాళ్ళు మళ్ళీ కొనాల్సిన పనిలేదు.