కడపలో లాప్‌టాప్ రిపేరుకు ఇచ్చేవాళ్లు జాగ్రత్త: పోయింది డ్రైవర్, చెప్పింది మదర్‌బోర్డు

షాపు పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు. కడపలో పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసేవాళ్లలో సగం మంది సిస్టమ్ మొరాయిస్తే ఎక్కడికి పరిగెత్తుతారో మీకందరికీ తెలుసు. "అన్న చేతిలో పెడితే చాలు, చిప్ లెవెల్ పని" అని మనమే ఒకరికొకరం చెప్పుకుంటూ వచ్చాం. నాకూ ఎవరో అలాగే చెప్పారు, నేనూ ఇంకో నలుగురికి చెప్పాను. ఆ నలుగురూ దయచేసి ఇది చివరిదాకా చదవండి.

సంగతి ఇదీ. ఎడిటింగ్‌కు వాడే డావిన్చీ రిజాల్వ్ కొత్త వెర్షన్ వేస్తే, ఎన్విడియా డ్రైవర్ (అంటే లాప్‌టాప్‌లోని ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పాతది, ఇది చాలదు అంటూ అడ్డం తిరిగింది. సరే అని ఎన్విడియా వాళ్ల స్టూడియో డ్రైవర్ దించి ఎక్కించాను. అదే టైంలో వెనకాల విండోస్ అప్‌డేట్ తన పాటికి తాను ఇంకేదో డ్రైవర్ దించుకుంటోంది, నేను పట్టించుకోలేదు. రీస్టార్ట్ అడిగింది, కొట్టాను. కంపెనీ లోగో వచ్చింది, కింద చుక్కలు గిర్రున తిరిగాయి, ఆ తరువాత నల్లటి తెర. మౌస్ బాణం కూడా లేదు. అవతల ప్రొద్దుటూరు పెళ్లి వీడియో ఇచ్చే గడువు నెత్తిమీదుంది, పెళ్లికూతురి నాన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి "ఏమైంది బాబూ మన క్యాసెట్టు" అని ఫోన్ (ఆయన దృష్టిలో ఇప్పటికీ అది క్యాసెట్టే). ఆ టెన్షన్‌లో లాప్‌టాప్ సంచిలో వేసుకుని షాపుకు పోయాను.

కౌంటర్ దగ్గర ఏం మర్యాద! "కూర్చో అన్నా, మజ్జిగ తెప్పిస్తా" అన్నాడు. డ్రైవర్ మార్చినాకే ఇలా అయిందని మొదటే చెప్పాను. తలూపాడు. పాస్‌వర్డ్ అడిగితే రాసిచ్చాను. చీటీ మీద "నో డిస్‌ప్లే" అని గీకి ఇచ్చాడు, దాని మీద జీఎస్టీ నంబరు లేదు, సంతకం లేదు, లాప్‌టాప్ సీరియల్ నంబరు అంతకన్నా లేదు. సాయంత్రానికి ఫోన్ చేశాడు: గ్రాఫిక్స్ చిప్ కాలిపోయింది అన్నా, అది మదర్‌బోర్డుకే అతుక్కుని ఉంటాది, రీబాల్ చేసినా (చిప్ పీకి మళ్లీ అతికించినా) నిలవదు, బోర్డే మార్చాల, 22 వేలు, హైదరాబాదు నుంచి తెప్పించాల, 5 వేలు అడ్వాన్స్ వేస్తే ఈ పొద్దే ఆర్డర్ పెడతా. వేసేశాను. డ్రోన్ అబ్బాయి దగ్గర రెండు వందల కోసం గంటసేపు బేరమాడే నేను 5 వేలు అరనిమిషంలో పంపేశాను. భలే తెలివి కదా.

అక్కడిదాకా జరిగింది ఎవరికైనా జరిగేదే. నిన్న సాయంత్రం జరిగింది చూడండి.

ఇంకో పని మీద అటువైపు వెళ్లాను. కారం దోశ తిని బయటికొచ్చి, ఎలాగూ ఇక్కడే ఉన్నాం కదా, బోర్డు వచ్చిందేమో అడుగుదామని రోడ్డు దాటుతూ ఫోన్ చేశాను. ఎత్తాడు. "రాలేదన్నా, ట్రాన్స్‌పోర్టులో ఉంది. నీ సిస్టం అయితే పూర్తిగా డెడ్ అన్నా, తెర మీద చుక్క వెలుగు లేదు, ఇప్పుడే మళ్లా పెట్టి చూసినా" అంటున్నాడు. నేను షాపు మెట్లు ఎక్కుతున్నాను. అద్దం తలుపు సగం తెరిచి ఉంది. మాట ముందు తలుపు సందులోంచి వినిపిస్తోంది, అదే మాట ఒక్క క్షణం ఆగి ఫోన్‌లోంచి చెవిలో పడుతోంది. ఆయన వీపు నావైపుంది, ఆయన ముందు బల్ల మీద నా లాప్‌టాప్ ఉంది.

తెర వెలుగుతోంది. నిక్షేపంలా వెలుగుతోంది. వెనకంతా నలుపు, నాలుగు మూలలా తెల్లటి చిన్న అక్షరాల్లో "సేఫ్ మోడ్" (విండోస్ అత్యవసరమైనవాటితోనే తెరుచుకునే పద్ధతి) అని ఉంది, ఐకాన్లు మామూలు కన్నా లావుగా ఉబ్బిపోయి కనిపిస్తున్నాయి. వాటి మధ్యలో నా ఫోల్డర్, "ప్రొద్దుటూరు పెళ్లి ఫైనల్ కొత్తది". ఆ పేరు నేనే పెట్టుకున్నాను, ఇంకెవరి సిస్టంలో ఉంటుంది?

"అన్నా, ఒకసారి వెనక్కి తిరుగు" అన్నాను, ఫోన్‌లోనే. తిరిగాడు. నన్ను చూసి మొదట చేసిన పనేంటో తెలుసా, చేయి వెనక్కి పెట్టి లాప్‌టాప్ మూత దించేశాడు! "ఇది వేరేవాళ్లది" అన్నాడు. ఆ వేరేవాళ్లకు కూడా ప్రొద్దుటూరులోనే పెళ్లా అన్నాను. అప్పుడు మాట మార్చి, సేఫ్ మోడ్‌లో ఒక్కోసారి వస్తుంది, అది లెక్కలోకి రాదు అన్నాడు. మరి ఇప్పుడే, ఈ నిమిషంలో, చుక్క వెలుగు లేదని ఎవరికి చెప్తున్నావన్నా అని అడిగాను. అంతే, అంతసేపూ ఉన్న మజ్జిగ మర్యాద ఎటు పోయిందో. "సర్వీసు నీకు తెలుసా నాకు తెలుసా? అంత తెలిసినోడివి ఇంట్లోనే చేసుకోకపోయినావా? పెళ్లిళ్లలో లైట్లు పట్టుకునేటోళ్లు గూడా మాకు చిప్పుల గురించి చెప్తే ఎట్ల" అన్నాడు. షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు, పని నేర్చుకునే కుర్రాడు ఉన్నాడు. ఆ కుర్రాడు నవ్వాడు. 5 వేల మాట పక్కన పెట్టండి, రాత్రంతా నాకు నిద్ర పట్టనివ్వంది ఆ నవ్వే. లైట్లు పట్టుకునేవాళ్లట. మనలాంటి వాళ్ల డబ్బులతోనే కదా ఆ అద్దాల తలుపు పెట్టించుకుంది.

అడ్వాన్స్ అడిగితే ఆర్డర్ పెట్టేసినా, తిరిగి రాదు అన్నాడు. ఆర్డర్ బిల్లు చూపించు అంటే చూపించడు. పైగా చెకింగ్ ఛార్జీ 500 వదిలేస్తున్నా, సంతోషించు అన్నట్టు మాట్లాడాడు. లాప్‌టాప్ మాత్రం లాక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చి తిప్పి చూస్తే అడుగున రెండు స్క్రూలు లేవు. అవి కూడా ట్రాన్స్‌పోర్టులో ఉన్నాయేమో.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక మాట అనొచ్చు, సేఫ్ మోడ్‌లో బొమ్మ వచ్చినంత మాత్రాన గ్రాఫిక్స్ చిప్ బాగున్నట్టు కాదు అని. నిజమే. సేఫ్ మోడ్‌లో విండోస్ ఎన్విడియా డ్రైవర్‌ను ముట్టుకోదు, మైక్రోసాఫ్ట్ వాళ్ల బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్‌తో నెట్టుకొస్తుంది, అందుకే ఐకాన్లు అలా ఉబ్బిపోతాయి. కాబట్టి చిప్ మీద అనుమానం ఉంటే ఉండొచ్చు. కానీ ముందు డ్రైవర్ తీసేసి చూడాలా, వద్దా? డ్రైవర్ మార్చినాకే అయిందని కస్టమరు నోటితో చెప్తున్నప్పుడు? సేఫ్ మోడ్ దాకా వెళ్లినవాడికి ఆ తరువాతి మెట్టు తెలియదంటే నేను నమ్మను. తెలుసు. తెలిసే బోర్డు అన్నాడు.

రాత్రి బెంగళూరులో ఉన్న మా బావమరిదికి వీడియో కాల్ చేశాను. వాడు మొదట అడిగింది "బావా, క్యాప్స్ లాక్ నొక్కు, లైటు వెలిగి ఆరుతోందా" అని. ఆరుతోంది. అయితే సిస్టం బతికే ఉంది, లోపల విండోస్ నడుస్తోంది, బొమ్మ ఒక్కటే రావట్లేదు అన్నాడు. తరువాత విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కమన్నాడు. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అక్కడికక్కడే మళ్లీ లేపే కిటుకు. బీప్ అంది, తెర మాత్రం రాలేదు. అప్పుడు లోగో రాగానే పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపేయడం, మళ్లీ ఆన్ చేయడం, మళ్లీ ఆపడం. అలా వరుసగా చేస్తే విండోస్ తనంతట తానే ఆటోమేటిక్ రిపేర్‌లోకి పోతుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తరువాత వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. అదే నలుపు, అదే నాలుగు మూలల అక్షరాలు. షాపులో చూసిన తెర మా ఇంట్లో నా వేళ్ల కింద వచ్చింది, చూడగానే ఒళ్లు మండిపోయింది.

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఇంటెల్, ఎన్విడియా రెండు గ్రాఫిక్స్ చిప్‌లూ ఉన్నాయి. మామూలుగా ఎన్విడియా మీద రోల్ బ్యాక్ డ్రైవర్ కొడితే పాత డ్రైవర్ తిరిగొస్తుంది, నాకు ఆ బటన్ మసకగా, పని చేయకుండా ఉంది. అందుకని డీడీయూ, అంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్‌ను మా ఆవిడ సిస్టంలో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాం. వైఫై ఆపెయ్ బావా అన్నాడు వాడు, లేకపోతే విండోస్ అప్‌డేట్ మళ్లీ మధ్యలో దూరుతుందట. దాంతో ఎన్విడియాది మొత్తం ఊడ్చేసి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేసింది. తరువాత లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వెతికి ఇంటెల్ డ్రైవర్ ముందు, ఎన్విడియాది తరువాత వేశాం. అన్నీ కుదురుకున్నాక నేను మొదట వేసిన అదే స్టూడియో డ్రైవర్‌ను క్లీన్ ఇన్‌స్టాల్ టిక్కు పెట్టి వేశాను. రిజాల్వ్ నోరెత్తకుండా తెరుచుకుంది.

ఇది రాస్తున్నప్పుడు పక్కన ప్రొద్దుటూరు పెళ్లి రెండర్ అవుతోంది, అంటే ఫైనల్ వీడియో తయారవుతోంది. టాస్క్ మేనేజర్‌లో ఎన్విడియా చిప్ ఎగిరెగిరి పని చేస్తోంది. కాలిపోయిన చిప్ అదే. 22 వేల చిప్.

మీకు చెప్పేది కొంచమే. డ్రైవర్ మార్చినాక తెర నల్లబడితే పై పనులు చేసి చూశాకే షాపు సంగతి ఆలోచించండి. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ రిపేర్ తెరల్లోకి పోగానే బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) 48 అంకెల కీ అడుగుతుంది, నాకు అడగలేదు. అడిగితే కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. విండోస్ బదులు ఉబుంటు లైనక్స్ వాడే కాలేజీ పిల్లలకు ఈ సేఫ్ మోడ్ గొడవ లేదు, ఆన్ చేసేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఇ నొక్కి లైనక్స్ అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ అని ఇంగ్లీషులో చేర్చి ఎఫ్10 నొక్కితే చాలావరకు లోపలికి పోతారు, ఆపైన డ్రైవర్ తీసి మళ్లీ వేసుకోవచ్చు. షాపుకే ఇవ్వాల్సి వస్తే చీటీ మీద సీరియల్ నంబరు, ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత అన్నీ రాయించుకోండి. బోర్డు పోయిందంటే మీ ఎదురుగా ఆన్ చేసి చూపించమనండి. ఫోన్‌లో చెప్తే డబ్బులు వేయకండి.

అడ్వాన్స్ కోసం ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చీటీ ఫొటో, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, కాల్ రికార్డింగ్ దాచిపెట్టాను. నా ఫోన్‌లో అన్ని కాల్స్ వాటంతటవే రికార్డ్ అవుతాయి, ఆ సంగతి ఆయనకు ఇంకా తెలియదు. దీనితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు ఎప్పుడైనా వేయొచ్చు. ఇదే షాపులో "నో డిస్‌ప్లే" చీటీతో బోర్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లండి.