4.5 ఎం.ఎం. పెల్లెట్లు: మూడు వానాకాలాలు వాడాక

ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండును పెల్లెట్ అంటారు. చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా, రాజురా దుకాణాల్లో పెల్లెట్ అంటే ఒక్కోసారి అర్థం కాదు, ఛర్రా అంటే డబ్బా తీసిస్తారు. తుపాకీ తూటాలు ఇంట్లో నింపుకునే ప్రెస్ యంత్రం ఏది మంచిదని అడిగేవాళ్లున్నారు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం నేరం, ఆ జోలికి పోవద్దు. ఎయిర్ రైఫిల్ గురి సాధనలో మన చేతిలో ఉన్నది సరైన పెల్లెట్ ఎంచుకోవడం.

పది మీటర్లకు చదును తల పెల్లెటే వాడాలి. అది కాగితాన్ని గుండ్రంగా కోస్తుంది. మొనదేలినది చింపుతుంది, రంధ్రం పాయింట్ల వలయం గీతను తాకిందో లేదో తేలదు. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, వలయానికీ వలయానికీ మధ్య 2.5 ఎం.ఎం. మరి.

నేను వాడిన ఆర్10 మ్యాచ్, ఫినాలే మ్యాచ్ పెల్లెట్లు రెండూ 0.53 గ్రాముల రకం, 500 గుళ్ల డబ్బా. రెండూ నిలకడగానే పనిచేశాయి. వాటిలో ఏది మేలన్నది మీ బ్యారెల్ తేల్చాలి. పేరు కన్నా తల కొలత ముఖ్యం: 4.49, 4.50, 4.51. అదే కంపెనీ, అదే బరువు అయినా కొలత మారితే కాగితం మీద రంధ్రాల గుంపు విచ్చుకుంటుంది. తల చిన్నదైతే గాలి పక్కనుంచి జారిపోయి వేగం నిలకడగా ఉండదు. పెద్దదైతే బ్యారెల్‌లోకి బిగుతుగా దిగి, నొక్కేటప్పుడే ఆకారం చెడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించండి. కొత్త రకం మొదటి 15 లెక్కలోకి తీసుకోవద్దు, బ్యారెల్‌లో పాత సీసం పూత మారాలి. తర్వాత ఒక్కో కాగితం మీద పది చొప్పున ఐదు కాగితాలు కొట్టండి. రంధ్రాల బయటి అంచుల దూరం కొలిచి 4.5 తీసేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. మూడు గుళ్ల గుంపును నమ్మకండి, అదృష్టం కొద్దీ చిన్నదిగా రావచ్చు. నచ్చిన డబ్బా వెనక లాట్ (తయారీ విడత) నంబరు చూసి అదే లాటువి నాలుగైదు డబ్బాలు తెచ్చుకోండి. లాట్ మారితే మళ్లీ పరీక్షే.

చవక డబ్బాలతో వచ్చే చిక్కు తోక అంచు, అంటే పెల్లెట్ వెనక అంచు. డబ్బా కింద పడిందంటే పలుచని సీసం అంచు నొక్కుకుపోతుంది. అద్దం పలక మీద దొర్లిస్తే మంచివన్నీ ఒకే వంపులో తిరుగుతాయి, నొక్కుకున్నవి ఎగుడుదిగుడుగా కదులుతాయి. మిల్లీగ్రాం తక్కెడ ఉంటే 30 తూచి చూడండి. బరువులు బాగా తేడాగా ఉంటే ఆ డబ్బాను చేతి అలవాటుకే వాడుకోండి.

మే నెలలో చంద్రపూర్ ఎండకు పెల్లెట్లు సాగుతాయన్న భయం అక్కర్లేదు. 30 డిగ్రీలు పెరిగినా 4.5 ఎం.ఎం. సీసం 0.004 ఎం.ఎం. మాత్రమే వ్యాకోచిస్తుంది. నిజమైన శత్రువు వానాకాలం. చెక్క పెట్టెలో పెడితే చెమ్మకు, చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లటి బూడిద పడుతుంది. అది సీసం లవణం, విషం. అలాంటివి పారేయాలి, తుడిచి వాడకూడదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచి వేసి ఉంచండి. తుప్పు పడుతుందని నూనె పూయొద్దు. స్ప్రింగ్ రైఫిల్‌లో ఆ నూనె మండి వేగం తారుమారవుతుంది, సీలు పాడవుతుంది.

పెల్లెట్ నోట్లో పెట్టుకోవద్దు. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా అన్నం ముట్టొద్దు, డబ్బా పిల్లలకు అందకూడదు. లక్ష్యం వెనక నిటారు ఇనుప రేకు పెడితే తునకలు ఎదురుగా ఎగిరి కంటికి తగులుతాయి. రేకును పై అంచు మీ వైపు వాలేలా 45 డిగ్రీలు వంచి, కింద ఇసుక ట్రే పెట్టి, కళ్లద్దాలు వేసుకోండి.