నాన్నగారి పద్యాలు దక్కించిన దుకాణం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు అమ్మే దుకాణాలకు కొదవ లేదు. పాత వస్తువు పట్టుకెళ్లి "నాకు ఈ ఇబ్బంది వచ్చింది" అంటే కూర్చోబెట్టి వినేవారు మాత్రం నాకు ఒక్కచోటే దొరికారు. రెండో అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమ వైపు చివరి గది. బల్ల, రెండు స్టూళ్లు, గోడ నిండా విప్పిన లాప్‌టాప్‌లు. అంతే దుకాణం.

నా ఇబ్బంది ఐపాడ్‌తో, అంటే పాటలు దాచుకుని వినే యాపిల్ వారి చిన్న పరికరంతో. 160 జీబీ క్లాసిక్, 2010లో తమ్ముడు ఇచ్చాడు. మా నాన్నగారు పౌరాణిక నాటకాల పద్యాలు పాడేవారు. రాత్రి భోజనాలయ్యాక హార్మోనియం ముందు కూర్చుని ఆయన పాడుకున్నవన్నీ అమ్మ టేప్ రికార్డర్‌లో పట్టి దాచింది. మొత్తం 38 క్యాసెట్లు. తమ్ముడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, క్యాసెట్ ఒక్కో వైపునూ ఒక్కో ఫైలుగా చేసి, ఐపాడ్‌లో వేశాడు. తర్వాత క్యాసెట్లకు బూజు పట్టింది. ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ కూడా పోయింది. నాన్నగారి గొంతు ఇక ఆ ఐపాడ్‌లోనే మిగిలింది.

దాన్ని నా లాప్‌టాప్‌కు తగిలిస్తే, ఇది వేరే లైబ్రరీతో జతపడి ఉంది, ఉన్నవన్నీ చెరిపి కొత్తగా నింపమంటారా అని ఐట్యూన్స్ (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే యాపిల్ సాఫ్ట్‌వేర్) అడిగింది. వెంటనే తీసేశాను. మా ఇంటి దగ్గర ఒక దుకాణంలో చూపిస్తే "చెరిపేయండి, మంచి పాటలు వేసి ఇస్తాం" అన్నారు. అవి బజారులో దొరికే పాటలు కావని రెండుసార్లు చెప్పాను. వినిపించుకోలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పార్క్‌లేన్ దుకాణంలో ఉన్నది పాతికేళ్ల అబ్బాయి. ఐపాడ్ చేతికి ఇవ్వగానే మొదట అడిగిన ప్రశ్న: "ఇందులో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయా అమ్మా?" లేవన్నాను. "అయితే ముందు కాపీ తీద్దాం. బ్యాటరీ సంగతి, మిగతా సంగతులు ఆ తర్వాత" అన్నాడు. ఐపాడ్‌ను నా చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. లోపల సన్నగా టిక్కు టిక్కుమంటోంది. ఈ క్లాసిక్‌లో తిరిగే చిన్న హార్డ్ డిస్క్ ఉంటుందని, అది ఎప్పుడైనా ఆగిపోవచ్చని అప్పుడు తెలిసింది.

30 పిన్నుల వెడల్పాటి కేబుల్ సొరుగులోంచి తీసి తగిలించాడు. ఐట్యూన్స్ తెరవనే లేదు. మెనూ మీటనూ నడిమి మీటనూ కలిపి నొక్కి పట్టుకోమన్నాడు. యాపిల్ గుర్తు రాగానే మెనూ వదిలి, నడిమి మీటతో పాటు ప్లే మీట నొక్కమన్నాడు. డిస్క్ మోడ్ అని తెరమీద వచ్చింది. కంప్యూటర్‌లో అది ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లా కనిపించింది. తెరిచి చూస్తే ఒక్క పద్యం లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "దాచి ఉంటాయి అమ్మా, కంగారు పడకండి" అంటూ దాచిన ఫోల్డర్లు కనపడేలా చేశాడు. ఐపాడ్ కంట్రోల్, దాని లోపల మ్యూజిక్, ఇంకా లోపల ఎఫ్00, ఎఫ్01 అంటూ వరుసగా ఫోల్డర్లు. ప్రతి దాంట్లోనూ నాలుగేసి అక్షరాల అర్థం లేని పేర్లతో ఫైళ్లు. ఐపాడ్ తన సౌకర్యం కోసం పై పేరు మార్చుకుంటుందట. మనం పెట్టిన పేరు ట్యాగ్ రూపంలో ఫైలు లోపలే ఉంటుందట. అన్నీ కాపీ అయ్యాక ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. తమ్ముడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన పేర్లు వరుసగా బయటపడ్డాయి. ట్యాగ్‌లో ఉన్న పేరే ఫైలుకూ వచ్చేలా ఆ సాఫ్ట్‌వేర్‌తోనే మార్చాడు. 76 ఫైళ్లు, మొత్తం కలిపి రెండు జీబీ చిల్లర. గంట క్యాసెట్ 60 ఎంబీ కూడా పట్టదు.

మొదటి ఫైలు నన్నే నొక్కమన్నాడు. హార్మోనియం తిత్తి ఊపిరి, నాన్నగారి దగ్గు, వెనక అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఆపైన రాగం. పద్యం పూర్తయ్యేదాకా ఆ అబ్బాయి ఇంకో గిరాకీతో మాట్లాడలేదు.

నాకు ఎక్కువ నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. రెండో కాపీ పెన్‌డ్రైవ్‌లోకి తీసేటప్పుడు మౌస్ నా చేతికి ఇచ్చాడు. నేను తడబడినా లాక్కోలేదు. ఒక్కో మెట్టూ నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంటుంటే ఆగి, రాయడం అయ్యాకే తర్వాతిది చెప్పాడు. ఇంట్లో మా పిల్లలకు కూడా అంత ఓపిక ఉండదు.

లాప్‌టాప్ సంగతీ అక్కడే తేలింది. 2016లో కొన్నది, తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) వేశాక అర నిమిషం లోపే తెరుచుకుంటోంది. అందులో ఉన్న విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నా ప్రాసెసర్ పాతది కాబట్టి విండోస్ 11 ఎక్కదు. కొత్తది అమ్మాలని చూడకుండా, 2026 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్లు వచ్చే పథకంలో నమోదు చేయించాడు. ఆ గడువు తర్వాత దీంట్లో బ్యాంకు పనులు చేయవద్దని గట్టిగా చెప్పాడు.

అన్నీ కలిపి 3,100 రూపాయలు తీసుకున్నాడు. ఎస్‌ఎస్‌డీ ధర విడిగా చూపించాడు. లోపాలు లేవని అనను. బిల్లు అడిగితేనే రాస్తారు. పని ఉన్నప్పుడు ఫోను ఎత్తరు, నేను ఒకసారి ఊరికే తిరిగి రావలసి వచ్చింది. లిఫ్టు లేదు, ఇంటికి వచ్చి చేయరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఆ మెట్లు కష్టమే. వారానికి ఒక్క పూటైనా ఇళ్లకు వెళ్లమని ఆ అబ్బాయికి చెప్పి వచ్చాను.

ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఆదివారం మూసి ఉంటుంది. పదకొండున్నర లోపు వెళితే జనం తక్కువ. మీ వస్తువుతో వచ్చిన కేబుల్ ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి. ఎవరు చెప్పినా సరే, కాపీ తీసేదాకా అందులో దేన్నీ చెరపవద్దు.